మీ ఊరి గ్రంథాలయ చరిత్ర రాయడం ఎలా?

"మా ఊరి లైబ్రరీకి నూరేళ్లు నిండాయంటున్నారు. సంచిక వేద్దామనుకుంటున్నాం. చరిత్ర ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?" ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాలు దగ్గరపడగానే ఈ ప్రశ్న మొదలవుతుంది. అడిగేవాళ్లలో రిటైరైన మాస్టార్లు ఉంటారు, ఆ లైబ్రరీలోనే కూర్చుని పోటీ పరీక్షలకు చదువుకున్న కుర్రాళ్లూ ఉంటారు. అందరికీ విడివిడిగా చెప్పే బదులు ఇక్కడ ఒకేసారి వివరంగా రాస్తున్నాను. ఆంధ్రకూ తెలంగాణకూ పద్ధతి దాదాపు ఒకటే. తేడా వచ్చేచోట విడిగా చెబుతాను.

పనిలోకి దిగేముందు ఒక సంగతి. చాలామంది "స్థాపన తేదీ" దగ్గరే ఆగిపోతారు. ఒకరు 1921 అంటారు, ఇంకొకరు 1934 అంటారు, గోడమీద రాయి 1952 అంటుంది. ముగ్గురూ నిజమే చెబుతుండవచ్చు. అదెలాగో రెండో మెట్టులో చూద్దాం.

ఏమేం కావాలి

- ఒక పెద్ద నోట్‌బుక్, పెన్సిలు. పాత రిజిస్టర్ల దగ్గర పెన్ను తెరవకండి, ఒక్క చుక్క పడితే తుడవలేం.
- కెమెరా బాగున్న ఫోను, కిటికీ వెలుతురు. ఫ్లాష్ వద్దు.
- మెత్తటి కుంచె, మాస్కు. పాత బీరువా తెరిస్తే దుమ్ముతో పాటు చెదపురుగుల మట్టి కూడా పడుతుంది.
- ప్రభవాది అరవై సంవత్సరాల పట్టిక, క్రీస్తు శకం లెక్కతో సహా.
- పూర్వపు హైదరాబాద్ రాజ్యంలోని ఊరైతే ఉర్దూ చదవగల మనిషి ఒకరు. మసీదు కమిటీలోనో, పాత పట్వారీల ఇళ్లలోనో అడిగితే దొరుకుతారు.
- లైబ్రేరియన్ అనుమతి. ప్రభుత్వ శాఖా గ్రంథాలయమైతే జిల్లా గ్రంథాలయ సంస్థ కార్యదర్శి పేరిట ఒక విన్నపం రాసి, ముద్ర వేయించిన నకలు జేబులో పెట్టుకోండి. లైబ్రేరియన్లు బదిలీ అవుతుంటారు. కొత్తగా వచ్చిన వాళ్లకు మీరెవరో తెలియదు.

1. ఏ గ్రంథాలయం చరిత్ర రాస్తున్నారో తేల్చుకోండి

ఇది వినడానికి తమాషాగా ఉంటుంది కానీ ఎక్కువమంది తడబడేది ఇక్కడే. చాలా ఊళ్లలో ఒకదాని తర్వాత ఒకటిగా రెండు మూడు లైబ్రరీలు నడిచాయి. మొదట ఒకరి అరుగు మీద పత్రికలు చదివే చోటు, తర్వాత యువజన సంఘం వారి పఠన మందిరం, ఆపైన ఏదో ఒక పార్టీ నడిపిన లైబ్రరీ, చివరికి జిల్లా గ్రంథాలయ సంస్థ వారి శాఖ. పుస్తకాలు ఒక చోటి నుంచి ఇంకో చోటికి వెళ్లాయా? మనుషులు అదే మనుషులా? వెళ్లి ఉంటే అది ఒకే చరిత్ర. లేకపోతే రెండు వేర్వేరు చరిత్రలు.

పేరు మారినంత మాత్రాన సంస్థ మారదు. వేటపాలెం సారస్వత నికేతనం 1918లో హిందూ యువజన సంఘంగా మొదలైంది. రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం ఒక్కటిగా పుట్టలేదు, వాసురాయ గ్రంథాలయం లాంటి అంతకుముందరి సంగ్రహాలు అందులో కలిశాయి. మీ ఊళ్లోనూ ఇలాంటిదే జరిగి ఉండవచ్చు.

నోట్‌బుక్ మొదటి పేజీలో పెద్దల నోట విన్న లైబ్రరీ పేర్లన్నీ ఒక వరుసలో రాసుకోండి. మూతపడినవాటిని వదిలేయకండి.

2. ఒక్క తేదీ కాదు, అయిదు తేదీలు వెతకండి

నోట్‌బుక్‌లో అయిదు గడులు గీయండి. జనం మొదటిసారి చేరి చదవడం మొదలైన తేదీ, సంఘం రిజిస్టరైన తేదీ, స్థలం రాసిచ్చిన తేదీ, భవనం ప్రారంభమైన తేదీ, ప్రభుత్వం చేతికి వెళ్లిన తేదీ. పైన చెప్పిన 1921, 1934, 1952 తగాదా ఈ గడుల్లో పెడితే చాలావరకు తీరిపోతుంది. శతాబ్ది ఏ తేదీ లెక్కన చేయాలన్నది కమిటీ తేల్చుకోవలసిన విషయం. మీరు అయిదూ రాయండి.

అయిదో గడికి చట్టాల తేదీలు గుర్తుంటే మేలు. కోస్తా, రాయలసీమల్లో మద్రాసు పబ్లిక్ లైబ్రరీల చట్టం 1948లో వచ్చింది. హైదరాబాద్ రాజ్యంలో 1955లో చట్టమైంది. రెండింటి స్థానంలో ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయాల చట్టం 1960లో వచ్చింది. కాబట్టి "1938లో జిల్లా గ్రంథాలయ సంస్థ మా లైబ్రరీని పెట్టింది" అని ఎవరైనా అంటే అది కుదరని మాట. 1938లో పెట్టింది ఊరివాళ్లే అయ్యుంటారు, సంస్థ తర్వాత తీసుకుని ఉంటుంది.

భవనం రాయిని స్థాపన తేదీగా తీసుకోవడం ఈ పనిలో అన్నిటికంటే మామూలు తప్పు. రాయి మీద పేరుండేది చందా ఎక్కువ ఇచ్చినవారిదో, ఆ రోజు వచ్చిన మంత్రిదో. లైబ్రరీని అంతకు పాతికేళ్ల ముందు లాంతరు పెట్టుకుని నడిపినవాళ్ల పేర్లు అక్కడ ఉండవు.

3. లైబ్రరీలో ఉన్న కాగితాలు చదవండి

ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి. అడగాల్సిన కాగితాలు ఇవి: అక్సెషన్ రిజిస్టరు (వచ్చిన ప్రతి పుస్తకానికీ వరుస నంబరు వేసేది), ఇష్యూ రిజిస్టరు, మినిట్స్ పుస్తకం, జమాఖర్చుల పుస్తకం, సందర్శకుల పుస్తకం, తనిఖీ రిపోర్టులు. అన్నీ ఉండవు. రెండు దొరికినా అదృష్టమే.

అక్సెషన్ రిజిస్టరులో మొదటి పేజీ ఒక్కటే చూసి వదిలేయకండి. పుస్తకాలు ఏ నెలలో గుంపుగా వచ్చాయి, ఎన్నేళ్లు ఒక్కటీ రాలేదు, "దాత" గడిలో ఎవరి పేర్లు పదేపదే కనిపిస్తాయి అన్నవి చూడండి. ఖాళీగా ఉన్న ఏళ్లు కూడా ఒక సంగతి చెబుతాయి. తగాదా, కరువు, కార్యదర్శి జైలుకు వెళ్లడం, ఏదో ఒకటి జరిగి ఉంటుంది. పెద్దల్ని అడగాల్సిన ప్రశ్న మీకు అక్కడ దొరుకుతుంది.

ఇక్కడొక ఉచ్చు ఉంది. పాత రిజిస్టరు చెదలు తింటే కొత్తదాంట్లోకి ఎక్కించి రాస్తారు. అది మూలమా, తర్వాతి నకలా అని కనిపెట్టడం ఎలా? వందల పద్దులు ఒకే చేతిరాతలో, ఒకే సిరాతో ఉంటే అనుమానించండి. ధరల గడి చూడండి. మన దేశంలో నయాపైసల లెక్క 1957 ఏప్రిల్ 1న మొదలైంది. అంతకుముందు రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు. 1940 తేదీ వేసిన పద్దులో ధర "1.25" అని ఉంటే ఆ పేజీ 1957 తర్వాత రాసిందన్నమాట. నకలైనంత మాత్రాన పనికిరాదని కాదు, తేదీల్లో జారుడు ఉండవచ్చని గుర్తుపెట్టుకోవాలి. తెలంగాణ ఊళ్లలో ఇంకో చిక్కు, హాలీ సిక్కా, అంటే నిజాం ప్రభుత్వపు సొంత రూపాయి. 7 హాలీ రూపాయలు సుమారు 6 కల్దార్ (బ్రిటిష్ ఇండియా) రూపాయలకు సమానం. చందా లెక్కలు రాసేటప్పుడు ఏ రూపాయో చెప్పకపోతే మొత్తాలు కలవవు.

జమాఖర్చుల పుస్తకాన్ని ఎవరూ పట్టించుకోరు, నాకు మాత్రం అదే ఇష్టం. కిరసనాయిలుకు ఎంత, తాళానికి ఎంత, ఏ పత్రికకు చందా కట్టారు, ఏది మానేశారు అన్నీ అందులో తెలుస్తాయి. ఉపన్యాసాల్లో ఎవరు ఏం చెప్పినా, ఊరు నిజంగా ఏం చదివిందో పత్రికల చందా పద్దులు చెబుతాయి.

*రిజిస్టర్లు ఏవీ లేకపోతే?* పుస్తకాల్నే అడగండి. బీరువాలో అన్నిటికంటే పాతవి ఓ యాభై తీసి, ప్రతిదాని మీదా ఉన్న రబ్బరు స్టాంపు, నంబరు, దాత సంతకం, తేదీ చీటీ ఫోటో తీయండి. లైబ్రరీ పాత పేర్లు ఆ స్టాంపుల మీద బయటపడతాయి. కోల్‌కతాలోని రాజా రామ్మోహన్ రాయ్ గ్రంథాలయ ఫౌండేషన్ ముద్ర ఉంటే ఆ పుస్తకం 1972 తర్వాత వచ్చిందే, ఎందుకంటే ఆ సంస్థ పుట్టింది అప్పుడే. మూతపడిన లైబ్రరీల పుస్తకాలు ఊళ్లోవాళ్ల అటకల మీదా, అబిడ్స్ ఆదివారం బజారు లాంటి చోట్లా తేలుతుంటాయి. వాటి మీద స్టాంపులు కూడా ఆధారమే.

జాగ్రత్త: పుస్తకం అచ్చయిన సంవత్సరం అది లైబ్రరీకి వచ్చిన సంవత్సరం కాదు. 1908 నాటి పుస్తకం ఉంది కాబట్టి లైబ్రరీ 1908 నాటిదని రాసిన సంచికలు చూశాను. ఆ పుస్తకాన్ని 1960లో ఎవరో తాతగారి పెట్టెలోంచి తీసి ఇచ్చి ఉండవచ్చు.

పెళుసెక్కిన కాగితాన్ని మడత విప్పి నొక్కకండి. చిరిగినచోట సెలోటేపు అంటించకండి, కొన్నేళ్లకు అది పచ్చబడి అక్షరాల్ని తినేస్తుంది. లామినేషన్ అసలే వద్దు. ఫోటో తీసేటప్పుడు పేజీ అంచులతో సహా రావాలి. స్కానింగ్ యాప్‌లు కాగితాన్ని తెల్లగా చేసేస్తాయి, వెలిసిపోయిన సిరా ఆ తెలుపులో మాయమవుతుంది. మామూలు కెమెరాతో ఒకటి, యాప్‌తో ఒకటి తీసి పెట్టుకోండి.

4. తేదీల్ని క్రీస్తు శకంలోకి మార్చండి

పాత కాగితాల్లో "ఆనంద నామ సంవత్సర చైత్రం" అని ఉంటుంది. ఆనంద 1914–15లో వచ్చింది, మళ్లీ 1974–75లో వచ్చింది. ఏదో తేల్చడానికి కాగితంలో ఇంకేదైనా ఆనవాలు వెతకాలి. ఉగాదికి ముందున్న జనవరి, ఫిబ్రవరి తేదీలు పాత తెలుగు సంవత్సరంలోకే వస్తాయి. పుష్య, మాఘ, ఫాల్గుణ మాసాలు కనిపిస్తే కాస్త ఆగి లెక్క చూసుకోండి.

ఫసలీ అంటే పాత రెవెన్యూ లెక్కల్లో వాడిన సంవత్సరం. దానికి 590 కలిపితే క్రీస్తు శకం వస్తుంది, కానీ అది ఏడాదిలో కొంత భాగానికే సరిపోతుంది. హైదరాబాద్ రాజ్యంలో ఫసలీ సంవత్సరం అక్టోబరులో ఆజూర్ నెలతో మొదలయ్యేది. మద్రాసు వైపు రెవెన్యూ ఫసలీ జులై 1న మొదలవుతుంది. అంటే హైదరాబాదు కాగితంలో 1350 ఫసలీ అని ఉంటే అది 1940 అక్టోబరు నుంచి 1941 అక్టోబరు దాకా ఎప్పుడైనా కావచ్చు. నెల తెలియకపోతే "1940–41" అని రాయండి. ఒక ఏడాదిని ఎంచుకుని ఖరారు చేయకండి.

మూలంలో ఉన్న తేదీని చెరిపేయకండి. దాన్ని అలాగే రాసి పక్కన మీ లెక్క రాయండి.

5. ఊరి బయట వెతకండి

సంఘం రిజిస్ట్రేషన్ వివరం జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో, స్థలం దానపత్రం నకలు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అడగాలి. కోస్తాలో పాత సంఘాలు 1860 నాటి సొసైటీల చట్టం కింద, తెలంగాణలో చాలావి 1350 ఫసలీ చట్టం కింద నమోదయ్యాయి. స్థలం గ్రామకంఠంలో (ఊరి ఇళ్ల కోసం వదిలిన ఉమ్మడి నేలలో) ఉంటే పత్రమే ఉండకపోవచ్చు. అప్పుడు పంచాయతీ తీర్మానాల పుస్తకం చూడాలి. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కూడా పంచాయతీ లెక్కల్లోనే ఉంటుంది. బకాయిల గోల కూడా అక్కడే తెలుస్తుంది.

నోటితో అడిగితే "పాతవి లేవండీ" అంటారు. సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టండి. గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండలంలో 5 రూపాయలు, జిల్లాలో 10. జవాబుకు గడువు 30 రోజులు. "లైబ్రరీ చరిత్ర ఇవ్వండి" అని అడిగితే ఏమీ రాదు. "ఫలానా శాఖను జిల్లా గ్రంథాలయ సంస్థ స్వాధీనం చేసుకున్న ఉత్తర్వు నకలు" అని ఒక్కో కాగితం పేరు పెట్టి అడగండి.

పాత జిల్లా పేరు మరిచిపోకండి. వేటపాలేన్నే తీసుకుంటే, 1970 దాకా గుంటూరు జిల్లా, తర్వాత ప్రకాశం, 2022 నుంచి బాపట్ల. ఇప్పటి జిల్లా పేరుతో పాత రికార్డుల్లో వెతికితే ఏదీ దొరకదు. తెలంగాణలో 2016లో జిల్లాలు 31 అయినప్పుడు కూడా ఇదే చిక్కు వచ్చింది.

పత్రికల్లో ఊరి వార్తలు బాగా వచ్చేవి. కృష్ణా పత్రిక 1902లో, ఆంధ్రపత్రిక దినపత్రిక 1914లో, గోలకొండ పత్రిక 1926లో మొదలయ్యాయి. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం వారి పత్రిక గ్రంథాలయ సర్వస్వములో చిన్న చిన్న ఊళ్ల లైబ్రరీల నివేదికలు కూడా కనిపిస్తాయి. పాత సంచికలకు సారస్వత నికేతనం, హైదరాబాద్‌లోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం మంచి చోట్లు. తేదీ తెలియకుండా వెళితే కళ్లు పోతాయి. ముందు రెండో మెట్టులోని గడుల్లో కనీసం ఒక ఏడాది నింపుకుని వెళ్లండి.

6. పెద్దల్ని అడగండి, కానీ తేదీలు అడగకండి

"లైబ్రరీ ఎప్పుడు పెట్టారు తాతగారూ?" అంటే ఆయన ఎప్పుడో విన్న ఉపన్యాసంలోని తేదీ చెబుతారు. "మీరు మొదటిసారి వెళ్లినప్పుడు దీపం ఏముండేది? తాళం ఎవరి దగ్గరుండేది? పత్రిక ముందు ఎవరి చేతికి వెళ్లేది? పైకి చదివి వినిపించింది ఎవరు?" అని అడగండి. ఆయన కళ్లతో చూసింది అప్పుడు బయటికి వస్తుంది. కాలం తేల్చడానికి పెద్ద ఘటనలకు ముడిపెట్టండి. పోలీసు చర్య (1948 సెప్టెంబరు) ముందా తర్వాతా? దివిసీమ ఉప్పెన (1977 నవంబరు) నాటికి ఈ భవనం ఉందా?

ఇంకో రెండు ప్రశ్నలు తప్పకుండా అడగండి. ఆడవాళ్లు లోపలికి వచ్చేవారా, లేక పుస్తకాలు ఇంటికి పంపేవారా? దళితవాడ నుంచి ఎవరైనా వచ్చి కూర్చోగలిగేవారా? ఈ ప్రశ్నలు వేసేది కమిటీ పెద్దల్నే కాదు, ఆ వాడలోకి వెళ్లి కూడా. "అందరికీ ప్రవేశం" అని నియమావళిలో ఉన్నదానికీ, అరుగు మీద జరిగినదానికీ తేడా చాలా ఊళ్లలో ఉంది. సంచికల్లో ఈ పేజీ ఎప్పుడూ ఉండదు. మీ సంచికలో పెట్టండి.

తెలంగాణ ఊరైతే, నిజాం కాలంలో సభలకు అనుమతి అవసరమైన రోజుల్లో లైబ్రరీ వార్షికోత్సవం పేరుతో ఏం జరిగేదో అడగండి. రికార్డు చేసేముందు అనుమతి తీసుకోండి. అచ్చువేసే ముందు వారు చెప్పిన భాగం చదివి వినిపించండి.

7. గొప్పల్ని పరీక్షించండి

"జిల్లాలో మొట్టమొదటిది", "గాంధీగారు వచ్చారు" అనే రెండు మాటలు ప్రతి ఊళ్లోనూ ఉంటాయి. మొదటిదానికి కొన్ని కొలతలు ఇవి. విశాఖపట్నంలో 1886లోనే ప్రజా గ్రంథాలయం వెలసిందని చెబుతారు. హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం 1901 సెప్టెంబరు 1న, హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయం 1904లో మొదలయ్యాయి. మీ ఊరిది వీటికంటే ముందు అంటుంటే గట్టి కాగితం కావాలి. లేకపోతే "తొలినాటి గ్రంథాలయాల్లో ఒకటి" అంటే చాలు, ఎవరి పరువూ పోదు.

గాంధీ సంగతికి ఆయన రచనల సంపుటాల్లో పర్యటన తేదీలు అచ్చయి ఉన్నాయి. 1929 వేసవిలో ఆంధ్రలో ఊరూరా తిరిగారు, కాబట్టి మీ ఊళ్లో నిజంగానే ఆగి ఉండవచ్చు. తేదీ, ఆ పక్క ఊళ్లు వరుసగా సరిపోతున్నాయో లేదో చూడండి. "మా ఊరి మీదుగా కారులో వెళ్లారు" అన్నదీ, "లైబ్రరీకి వచ్చారు" అన్నదీ వేర్వేరు.

చిత్తుప్రతి పూర్తయ్యాక ప్రతి తేదీ, ప్రతి పేరు పక్కన మార్జిన్‌లో ఒక అక్షరం వేయండి. కాగితం ఉంటే "కా", స్టాంపో శిలాఫలకమో అయితే "ము", నోటిమాట అయితే "నో". ఒక పేజీలో అన్నీ "నో"లే ఉంటే ఆ పేజీకి ఇంకా పని ఉందన్నమాట. తర్వాత ఊళ్లో ఒకరికొకరు పడని రెండు వర్గాల వాళ్లకీ ఇచ్చి చదివించండి. ఒకరు రాయని పేరు ఇంకొకరు చెబుతారు. ఇంతకు మించిన ప్రూఫ్ రీడర్లు దొరకరు.

8. రాయడం, దాచడం

గ్రంథాలయోద్యమ చరిత్రతో నాలుగు పేజీలు నింపాలని అనిపిస్తుంది, ఎందుకంటే అది తేలిగ్గా దొరుకుతుంది. అర పేజీ చాలు. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య పూనికతో గ్రంథాలయాల ప్రతినిధులు కలిసి ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పెట్టడం, చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షత వహించడం, 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా కాలువలో పడవ మీద పుస్తకాలు తిప్పడం, ఇలాంటివి మీ ఊరికి సంబంధం ఉంటేనే రాయండి. ఆ 1914 సభకు మీ ఊరి ప్రతినిధి వెళ్లాడా? కాలువ మీ ఊరి పక్కనుంచి పోతుందా? లేకపోతే రెండు వాక్యాలతో ముగించి మీ కిరసనాయిలు పద్దుల దగ్గరికి రండి. చదివేవాళ్లకు ఇంకెక్కడా దొరకనిది అదే.

మూతపడిన ఏళ్లు, పోయిన పుస్తకాలు, కమిటీ కోర్టుకెక్కిన సంగతి కూడా రాయండి. బతికున్నవాళ్ల పేర్లు తగాదాలోకి లాగకుండా, ఏం జరిగిందో అంతవరకే.

అచ్చయ్యాక ఒక ప్రతి మీ లైబ్రరీకి, ఒకటి జిల్లా కేంద్ర గ్రంథాలయానికి, ఒకటి సారస్వత నికేతనం లాంటి పాత సంగ్రహాలున్న చోటికి, ఒకటి ఊరి హైస్కూలుకు ఇవ్వండి. ఫోటోలు, రికార్డింగులు రెండు పెన్‌డ్రైవ్‌లలో పెట్టి వేర్వేరు ఇళ్లలో ఉంచండి. ఏ రిజిస్టరు ఏ బీరువాలో ఏ అరలో ఉందో ఒక కాగితం మీద రాసి లైబ్రేరియన్‌తో సంతకం పెట్టించుకోండి. భవనానికి సున్నం వేసే రోజున "పాత కాగితాలు" పేరుతో బయటికి పోయే మూటలో ఆ రిజిస్టర్లు ఉండకుండా చూసేది ఆ ఒక్క కాగితమే. సంచిక చివరి పేజీలో మీ ఫోను నంబరు వేయండి. అచ్చు అయిన వారానికే ఎవరో ఒకరు ఫోన్ చేసి, మా అటక మీద స్టాంపు ఉన్న పుస్తకం ఒకటుంది అంటారు. వెళ్లి ఫోటో తీసుకురండి, రెండో ముద్రణకు పనికొస్తుంది.